మీటరు ఉప్పును చూస్తుంది, మనం ఎండను చూడాలి

నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పుమళ్లలో తీసిన ఫిలిం రీలు కడిగించి తెచ్చుకున్న రోజు నాకు ఇంకా గుర్తుంది. ముప్ఫై ఆరు ఫ్రేములు. మార్చి నెల, మబ్బు తునక లేని ఆకాశం. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా మళ్ల గట్ల మీద నడుస్తూ, ప్రతి ఫ్రేముకూ ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ తెరిచి, అది చెప్పిన అంకె కెమెరాలో పెట్టి, ఎక్కడా తొందరపడకుండా తీశాను. వచ్చిన ఫొటోల్లో ఉప్పు కుప్పలు బూడిద కుప్పల్లా ఉన్నాయి. తలమీద తట్టలు మోస్తున్న ఆడవాళ్ల ముఖాలు నల్లటి మరకలు. కళ్లు లేవు, ముక్కు లేదు, ఎవరు ఎవరో పోల్చుకోలేం. వాళ్లకు ప్రింట్లు వేయించి తెచ్చిస్తానని మాటిచ్చి వచ్చాను. ఆ మాట ఎట్లా నిలబెట్టుకోవాలో తెలియక రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు నెగెటివ్‌లు తీసుకుని కావలిలో మా మామ దగ్గరికి వెళ్లాను. ట్రంకు రోడ్డు దగ్గర ముప్ఫై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపిన మనిషి. కవర్లోంచి తీసి, కిటికీ వెలుతురుకు అడ్డంపెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చూశాడు.

"పలచన. రీలంతా పలచనే, వెలుతురు చాల్లేదు. మీటరు పెట్టావా?"

"పెట్టా మామా, ప్రతిదానికీ పెట్టా."

"అదే మరి. అది ఉప్పును చూసింది. ఎండను నువ్వు చూడాల గదా అబ్బయ్యా."

ఆ మాట పూర్తిగా తలకెక్కడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు ఆరుబయట పగటి వెలుతురులో మీటరు లేకుండానే తీస్తున్నాను. ఏదో పాతకాలం మీద మోజుతో కాదు. ఫొటోలు బాగా వస్తున్నాయి కాబట్టి. ఫిలిం కెమెరా కొత్తగా చేతికి తీసుకున్న పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న "అన్నా, ఏ మీటర్ యాప్ మంచిది?" అని. అది మొదటి ప్రశ్న కాకూడదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

మీటరుకు తన ముందున్నది ఉప్పో, బొగ్గో, మనిషో తెలియదు. ఆ వస్తువు మీద పడి తిరిగొచ్చిన వెలుతురు ఎంతో మాత్రమే తెలుసు. లోకంలో ఉన్నదంతా కలిపి చూస్తే నడిమి బూడిద రంగులో, అంటే పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిప్పికొట్టేట్టుగా ఉంటుందని అనుకుని అంకె చెబుతుంది. ఊరి వీధి, పచ్చని పొలం, చెట్టుపక్కన నిలబడ్డ మనిషి, ఇట్లాంటివాటికి ఆ లెక్క సరిపోతుంది. ఉప్పు అట్లా కాదు, పడిన వెలుతురులో చాలా భాగాన్ని తిరగ్గొడుతుంది. "అబ్బో, ఇక్కడ వెలుతురు చాలా ఎక్కువ" అనుకున్న మీటరు కెమెరాను మూయమంటుంది, అంటే ఫిలింకు చేరే వెలుతురు తగ్గించమంటుంది. నేను వాడింది 100 స్పీడు కలర్ ఫిలిం. ఆ ఎండకు అపర్చర్, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్/16 దగ్గర పెట్టి షట్టర్ 1/125 సెకను తెరిస్తే చాలు. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. యాప్ ఎఫ్/16 దగ్గర 1/500 చెప్పింది. రెండు స్టాపులు తక్కువ. ఒక్కో స్టాపుకు వెలుతురు సగమో రెట్టింపో అవుతుంది, అంటే ఫిలింకు అందాల్సిన వెలుతురులో నాలుగో వంతే అందింది. మీటరు తన పని తాను సరిగ్గానే చేసింది, తెల్లదాన్ని బూడిద చేసిపెట్టింది. దాన్ని అడగాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

మనం అడగాల్సింది వస్తువు నుంచి ఎంత వెలుతురు వస్తోందని కాదు, వస్తువు మీద ఎంత పడుతోందని. పడేది తెలిస్తే ఉప్పు ఉప్పుగా, మనిషి మనిషిగా వాటంతటవే వాటి చోట్లో కూర్చుంటాయి. తెల్లటి బుడిపె ఉండే చేతి మీటర్లు ఈ పనే చేస్తాయి, పడే వెలుతురును కొలుస్తాయి. ఉన్నవాళ్లు వాడుకోవచ్చు, మంచి పనిముట్టు. కానీ ఆరుబయట పగలు పడే వెలుతురును ఇచ్చేది ఒక్క సూర్యుడు, అది రోజుకో రకంగా మారే దీపం కాదు. మారేది మధ్యలో అడ్డొచ్చే మబ్బు, తేమ, దుమ్ము, పొద్దు ఎత్తు. ఈ నాలుగూ కంటికి కనిపించేవే.

పదహారు సూత్రం గురించి చాలామంది వినే ఉంటారు. నీడలు కోసినట్టు పడే ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెట్టి, షట్టర్ స్పీడు ఫిలిం స్పీడుకు దగ్గరి అంకెలో పెట్టాలి. 100 ఫిలిం అయితే 1/125, 200 అయితే 1/250, 400 అయితే 1/500. అక్కడి నుంచి ఎటు జరిపినా లెక్క ఒకటే: ఎఫ్/16 దగ్గర 1/125, ఎఫ్/11 దగ్గర 1/250, ఎఫ్/8 దగ్గర 1/500, మూడింటిలోనూ ఫిలింకు చేరే వెలుతురు సమానం. వెనకటి ఫిలిం డబ్బాల లోపల సూర్యుడు, మబ్బు బొమ్మలు వేసి, పక్కనే ఈ అంకెలే అచ్చువేసేవాళ్లు. వెస్టన్ కంపెనీ ఫొటోఎలక్ట్రిక్ మీటరును అమ్మకానికి తెచ్చింది 1932లో. ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. మధ్యలో తొంభై ఏళ్లకు పైగా ఆరుబయట తీసిన ప్రతి ఫొటో వెనకా వెలుతురు చదవగలిగిన మనిషి ఒకడున్నాడు. మన ఊళ్లలో ఆ తర్వాత కూడా చాలాకాలం అంతే. మామ యాషికా కెమెరాలో మీటరే లేదు. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు తయారుచేసిన ఇందు ఫిలిం వేసుకుని, బడి పిల్లల గ్రూపు ఫొటోలకని ఊరూరా సైకిల్ మీద తిరిగాడు. రీలుకు పన్నెండు ఫ్రేములు, చెడిపోతే మళ్లీ తీయడానికి పిల్లలందరినీ పోగుచేసే వీలుండదు. ఆ మనిషి పనిని "అంచనా" అనడం నాకు ఇష్టం లేదు. అంచనా అంటే చీకట్లో రాయి వేసినట్టు ధ్వనిస్తుంది. ఆయనది చదవడం.

ఈ సూత్రం చల్లని దేశాల్లో పుట్టింది కదా, మన ఎండలకు పనికొస్తుందా అని కొందరు అడుగుతారు. మన దగ్గరే ఇంకా బాగా పనిచేస్తుంది. నెల్లూరు భూమధ్యరేఖకు పద్నాలుగున్నర డిగ్రీలు ఉత్తరాన ఉంది. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి మిట్టమధ్యాహ్నం పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. బాగా కిందికి దిగే డిసెంబర్లో కూడా మధ్యాహ్నం 52 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. లండన్‌లో డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం పొద్దు 15 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, మన డిసెంబర్ ఎత్తు చూడాలంటే వాళ్లు ఏప్రిల్ చివరిదాకా ఆగాలి. అందుకే మనకు ఏడాది పొడుగునా, ఆకాశం తేటగా ఉన్న ఏ రోజైనా, తొమ్మిది నుంచి మూడు దాకా పదహారు అంటే పదహారే.

ఇక్కడ ఒక పెద్ద పొరపాటు చెప్పాలి, నేనూ చాలాసార్లు చేశాను. వేడిని చూసి వెలుతురు అనుకోవడం. రోహిణీ కార్తెలో ఒంగోలులో బయటికి అడుగుపెడితే మాడు పగిలిపోతుంది, కళ్లు తెరవలేం, ఇంతకన్నా వెలుతురు ఉంటుందా అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో చాలాసార్లు ఆకాశం నీలంగా ఉండదు, సున్నపు నీళ్లు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. దుమ్ము, సముద్రం నుంచి వచ్చే తేమ. నేలమీద నీడ చూడండి, అంచు మెత్తగా ఉంటుంది. అది ఎఫ్/11 ఎండ. అదే తుపాను వెళ్లిపోయాక డిసెంబర్లో, స్వెట్టర్ వేసుకుని తుమ్మలపెంట సముద్రం ఒడ్డున నిలబడితే, ఒంటికి ఎండ తగిలినట్టే ఉండదు, నీడ మాత్రం బ్లేడుతో కోసినట్టు పడుతుంది. అది ఎఫ్/16. చర్మం చెప్పేది నమ్మకూడదు. కన్ను చెప్పేది కూడా నమ్మకూడదు, ఎందుకంటే కంటిపాప వెలుతురును బట్టి తనంతట తానే సర్దుకుంటుంది. వసారాలో పది నిమిషాలు కూర్చుంటే వసారా కూడా వెలుతురుగానే తోస్తుంది. నమ్మాల్సింది నీడ.

నీడ చదవడానికీ ఒక పద్ధతి ఉంది, ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు. సూర్యుడు చుక్క కాదు, మన కంటికి అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందువల్ల ఎంత తేటైన ఎండలోనైనా నీడ అంచు కొంచెం చెదురుతుంది, మీటరు దూరానికి దాదాపు ఒక సెంటీమీటరు. తాటిచెట్టు తల నీడ ఎప్పుడూ మసకగానే ఉంటుంది, దాన్ని చూసి ఎండ మెత్తగా ఉందనుకుంటే మోసపోతాం. కాబట్టి ఎప్పుడూ ఒకే ఎత్తు నుంచి పడే నీడనే చూడాలి. నేను అరచేయి చాపి, వేళ్లు కొంచెం ఎడంగా పెట్టి, నడుము ఎత్తులో పట్టుకుంటాను. వేళ్లు విడివిడిగా, గట్టి అంచుతో పడితే ఎఫ్/16. వేళ్లు తెలుస్తున్నాయి కానీ అంచులు కరిగినట్టుంటే ఎఫ్/11. చేయి నీడ ఉంది గానీ వేళ్లు లెక్కపెట్టలేకపోతే ఎఫ్/8. నీడే లేదు, అయినా ఆకాశం తెల్లగా వెలుగుతోంది అంటే ఎఫ్/5.6. అక్టోబర్, నవంబర్లలో వాయుగుండం పట్టి, మబ్బు కిందికి దిగి, మధ్యాహ్నం రెండింటికే ఇంట్లో లైటు వేసుకోవాలనిపించే రోజులుంటాయి కదా, అప్పుడు ఎఫ్/4, ఒక్కోసారి ఎఫ్/2.8. ఎండ కాస్తున్న రోజున గోడ నీడలో, చెట్టు నీడలో నిలబడ్డ మనిషికి కూడా ఎఫ్/4 దగ్గరే మొదలుపెడతాను. సరుగుడు తోపులో మాత్రం జాగ్రత్త: పైనుంచి చిల్లులుగా ఎండ పడుతుంటుంది, ముఖం చిల్లులో ఉందో నీడలో ఉందో చూసుకోకపోతే మూడు నాలుగు స్టాపుల తేడా వస్తుంది.

పొద్దు ఎత్తుకు మన భాషలో ఉన్నన్ని మాటలు నేను ఏ కెమెరా పుస్తకంలోనూ చూడలేదు. బారెడు పొద్దెక్కింది, మూరెడు పొద్దుంది, పొద్దు వాటారింది, మునిమాపు. ఇవన్నీ కొలతలే! గడియారం లేనప్పుడు సేద్యగాళ్లు తమ నీడను తామే అడుగులతో కొలుచుకుని వేళ చెప్పేవాళ్లు. ఆ పనే ఫిలింకూ పనికొస్తుంది. నీడ నా పొడుగంత ఉంటే పొద్దు 45 డిగ్రీల మీద ఉన్నట్టు, ఎఫ్/16లో ఏ మార్పూ లేదు. నీడ నాకు రెండింతలైతే పొద్దు ఇంచుమించు 27 డిగ్రీలకు దిగినట్టు, అక్కడి నుంచి నేను ఒక స్టాప్ తెరుస్తాను. ఇంకా దిగి, ఎండ పసుపు తిరిగి, నీడ పొలం గట్టు దాటిపోతే రెండు. ఆ తర్వాత సూర్యుడు కిందికి వెళ్లాడా, లెక్క మారిపోతుంది. మన ప్రాంతంలో పొద్దు ఏటవాలుగా కాకుండా దాదాపు నిలువునా దిగుతుంది, అందుకే మునిమాపు నిలవదు. మొదట్లో నాలుగైదు నిమిషాలకో స్టాప్ చొప్పున, తర్వాత ఇంకా వేగంగా వెలుతురు పడిపోతుంది. ఇరవై నిమిషాలు తిరిగేసరికి ఊహ చాలదు. అక్కడ నేను మీటరు తీస్తాను, తీయమనే చెబుతాను.

వెలుతురు ఎంత ఉందన్నది సగం సంగతే. ఎటునుంచి పడుతోందన్నది మిగతా సగం. పదహారు సూత్రం సూర్యుడు మన వెనక ఉండి ఎదుటి మనిషి ముఖం మీద పడేటప్పటి లెక్క. ఎండ పక్కనుంచి పడితే ఒక స్టాప్ తెరవాలి. మనిషి వెనకనుంచి పడి ముఖం నీడలో ఉంటే రెండు. బండలాగుడు పందేల్లో నాకు ఇది బాగా తెలిసొచ్చింది. ఎడ్లు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు బండను లాగి, మళ్లీ తిరిగి ఇటు వస్తాయి. పోయేటప్పుడు ఎండ తోలేవాళ్ల ముఖాల మీద ఉంటుంది, వచ్చేటప్పుడు వీపు మీద. ఒకే అంకెతో తీస్తే సగం ఫ్రేములు పోతాయి. అపర్చర్ రింగును పదహారు నుంచి పదకొండుకు, ఎనిమిదికి చూడకుండా తిప్పడం వేళ్లకు అలవాటు కావాలి. మోటారు సైకిల్ గేరు కాలికి అలవాటైనట్టు.

ఎడ్ల మాట వచ్చింది కాబట్టి, ఒంగోలు గిత్తను ఫిలిం మీద తీసినవాళ్లకు ఈ బాధ తప్పక తెలిసి ఉంటుంది. దగ్గరికి వెళ్లి, ఫ్రేము నిండా దాని మెడా మూపురమూ పెట్టుకుని మీటరు చెప్పినట్టు తీస్తే, పాలలాంటి గిత్త బూడిద రంగు గిత్త అయి కూర్చుంటుంది. దాన్ని పెంచిన రైతుకు ఆ ఫొటో చూపించలేం. రోజూ కడిగి, తుడిచి, కొడుకులా సాకుకున్న మనిషికి అది ఎవరి గిత్తో అనిపిస్తుంది. దీనికి సరిగ్గా ఎదురు చీమకుర్తి. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ క్వారీలో నిలబడితే ముందంతా నల్లటి గోడ. మీటరు "ఇక్కడ చీకటిగా ఉంది" అనుకుని తెరవమంటుంది. ఆ మాట వింటే నల్లరాయి సిమెంటు రంగుకు వస్తుంది, దాని ముందు నిలబడ్డ పనివాడి చొక్కా, ముఖం తెల్లగా పేలిపోతాయి. గిత్త దగ్గరా, చీమకుర్తిలోనూ, ఇస్కపల్లిలోనూ ఎండ ఒకటే. ఒకే రోజు ఒకే వేళకు మూడుచోట్లా మీటరు మూడు రకాలుగా చెబుతుంది, నడుము ఎత్తున పట్టిన అరచేతి నీడ ఒకే మాట చెబుతుంది. నా వాదనంతా ఇంతే. వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఫిలిం స్వభావం కూడా తెలియాలి. నెగెటివ్ ఫిలిం, కలర్ అయినా బ్లాక్ అండ్ వైట్ అయినా, వెలుతురు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే క్షమించదు. ఒక స్టాప్, రెండు స్టాపులు ఎక్కువ పడ్డ నెగెటివ్ చిక్కగా వస్తుంది, ప్రింటులో సర్దుకోవచ్చు. తక్కువ పడితే నీడల్లో ఏమీ నమోదు కాదు, నమోదు కానిదాన్ని ఏ ల్యాబూ తెచ్చిపెట్టలేదు. అందుకే అంచు గట్టిదా మెత్తదా అని అనుమానం వస్తే తెరవాలి. స్లైడ్ ఫిలింకు, అంటే నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే ఫిలింకు, ఇది తల్లకిందులు. దానికి ఓర్పు తక్కువ, అర స్టాప్ తప్పినా తెలుస్తుంది, తెలుపు ఒకసారి పోతే పోయినట్టే. స్లైడ్ వేసుకున్నవాళ్లు అనుమానం వస్తే మూయాలి. డబ్బులు ఉన్నవాళ్లు అటూ ఇటూ ఒక్కో ఫ్రేము ఎక్కువ తీసుకోవచ్చు.

ఇంకో చిన్న విషయం. పాత కెమెరాల్లో 1/500 అని రాసున్నది నిజంగా 1/500 కాకపోవచ్చు, స్ప్రింగులు అలసిపోయి నెమ్మదిగా కొడతాయి. నా జెనిట్‌-ఈ కెమెరా మామ ఇచ్చిందే. దాని నెత్తిన ఉన్న సెలీనియం మీటరు ఎప్పుడో చచ్చిపోయింది, సెలీనియం గడులు వయసు మీదపడితే నీరసిస్తాయి. ఆ కెమెరాలో పై స్పీడు 1/500, లెన్సు ఎఫ్/16 దాకానే మూసుకుంటుంది. 400 ఫిలిం వేసి మైపాడు ఇసుకలో మధ్యాహ్నం నిలబడితే ఇక జరగడానికి చోటు ఉండదు. అందుకని మన ఎండలకు 100, 200 ఫిలిమే వేయండని చెబుతాను. 400ను వాయుగుండం రోజులకు దాచుకోండి.

"ఫిలిం ఖరీదు ఇంత పెరిగిపోయింది, యాప్ ఊరికే వస్తుంటే రిస్క్ ఎందుకు?" అని నా మిత్రుడొకరు గట్టిగానే వాదించారు. ఆయన బాధ నాకు తెలుసు, రీలు కొనేటప్పుడు నాకూ చేయి వణుకుతుంది. కానీ నేను పోగొట్టుకున్న రీళ్లు లెక్కేసుకుంటే, నీడ చూసి తీసి పోగొట్టినవాటికన్నా మీటరును గుడ్డిగా నమ్మి పోగొట్టినవే ఎక్కువ. మీటరు వాడొద్దని నేను అనడం లేదు. రాత్రిపూట బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ దీపాల్లో, గుడి మండపంలో, ఇంటి లోపల, ఉదయగిరి కొండ మీద గుబురు చెట్ల కింద, ఇట్లాంటిచోట్ల మన కన్ను ఘోరంగా మోసపోతుంది, అక్కడ మీటరు కావాలి. నేననేది ముందూ వెనకల గురించి. ముందు నీడ చూసి ఒక అంకె అనుకుని, ఆ తర్వాత మీటరు చూడాలి. రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో ఆలోచించాలి. ముందే మీటరు చూసినవాడికి ఆ ప్రశ్నే రాదు. నాకు ఆ మార్చి పొద్దున 1/500 కనిపించినప్పుడు "ఇదేంటి, ఇంత తక్కువా?" అనిపించి ఉంటే ఆ ముఖాలు దక్కేవి.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే పని, దానికి ఫిలిం కూడా అక్కర్లేదు. నెల రోజుల పాటు రోజుకు నాలుగుసార్లు, ఎక్కడుంటే అక్కడ, బస్టాండులోనో రొయ్యల గుంట గట్టు మీదనో, చేయి చాపి నీడ చూసి అంకె పైకి అనండి. తర్వాత ఫోన్ తీసి సరిచూసుకోండి, ఉప్పునూ ఆకాశాన్నీ కాకుండా మీ అరచేతినే ఎండలో పెట్టి దాన్ని కొలవండి. అరచేయి నడిమి బూడిద కన్నా సుమారు ఒక స్టాప్ తెలుపు, కాబట్టి యాప్ చెప్పినదానికి ఒక స్టాప్ తెరిస్తే మీ అంకెకు దగ్గరగా రావాలి. చిన్న నోటు పుస్తకంలో తేదీ, వేళ, నీడ ఎట్లా ఉంది, ఏమనుకున్నారు, ఏమొచ్చింది రాసుకోండి. నా పుస్తకంలో మొదటి వారం అంతా రెండేసి స్టాపుల తప్పులే. మూడో వారానికి అర స్టాపుకు వచ్చాయి. కష్టమైన విద్య కాదు, అలవాటు.

చంద్రుడి సంగతి కూడా ఇందులోదే. నిండు చంద్రుడంటే ఎండలో ఉన్న రాయి, అంతకన్నా ఏమీ కాదు. ఆకాశంలో బాగా పైకి వచ్చాక ఎఫ్/11 దగ్గర ఫిలిం స్పీడు అంకె పెడితే చంద్రబింబం మచ్చలతో సహా వస్తుంది. 1941లో న్యూ మెక్సికోలో ఒక సాయంత్రం, ఊరి శిలువల మీద చివరి ఎండ పోతుండగా, అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌కు మీటరు కనిపించలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకు అంకెతో సహా గుర్తుంది, దాన్నిబట్టి లెక్కకట్టి తీశాడు. ఆయనది లెక్క, మన మామలది అలవాటు, రెండింటి కిందా ఉన్న నమ్మకం ఒకటే: సూర్యుడు మాట తప్పడు. నేను కార్తీక పౌర్ణమికి మైపాడులో ప్రయత్నించాను. సముద్రంలోంచి అప్పుడే లేచిన చంద్రుడికి ఆ పదకొండు చాలలేదు. నీటి మీది తేమలోంచి ఎర్రగా వస్తాడు కాబట్టి రెండు స్టాపులు ఎక్కువే పట్టింది. దాన్నీ పుస్తకంలో రాసుకున్నాను.

ఇస్కపల్లికి మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాను, అదే మార్చి, అదే వేళ. ఫోన్ జేబులోంచి తీయలేదు. చేయి చాపితే వేళ్ల నీడ తెల్లటి గట్టు మీద గీసినట్టు పడింది. ఎఫ్/16, 1/125. ఉప్పు మెరుపుకు ఒక స్టాప్ మూయమని కొందరు చెబుతారు, స్లైడ్ అయితే నేనూ మూసేవాణ్నే, కానీ నాకు కావాల్సింది వాళ్ల ముఖాలు, ఫిలిం నెగెటివ్. మూయలేదు. ఎండ పక్కనుంచి పడ్డచోట పదకొండుకు తెరిచాను. కింద పరిచిన ఉప్పే వెలుతురును పైకి తిప్పికొట్టి, తట్టల కింద నీడలో ఉన్న ముఖాలను నింపింది. ప్రింట్లు పట్టుకుపోయి ఇస్తే, ఒక పెద్దమ్మ తన ఫొటోను ఎండకు అడ్డంపెట్టి చాలాసేపు చూసుకుంది. "ఉప్పు తెల్లంగా పడింది నాయనా" అంది. ముందు ఉప్పు సంగతే అంది, తర్వాతే తన సంగతి.

మామకు ఇప్పుడు చూపు బాగా తగ్గిపోయింది. నెగెటివ్ కిటికీకి పెట్టినా పలచనో చిక్కనో తెలియదు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు, వసారా ముందు మంచంలో కూర్చున్న ఆయన్ను తీద్దామని కెమెరా తీశాను. షట్టర్ తిప్పిన చప్పుడు విన్నాడు.

"నీడెట్టుంది?"

"మెత్తగా ఉంది మామా. వేళ్లు తెలుస్తున్నాయి, అంచు తేలడం లేదు."

"పొద్దు నాకు ఏ పక్కన?"

"ఎడమ పక్కన."

"మెత్తెండకు పదకొండు, పక్కెండకు ఇంకొకటి. ఎనిమిదికి తెరువు."

ఎనిమిది దగ్గరే పెట్టి ఉంది. 1/125లో తీశాను.